కొలత బంతి

చార్లెస్ మామిడికాయను ఎడమచేతి మూడు వేళ్ళతో ఒక్కసారి తిప్పుతాడు. ఆ ఒక్క తిప్పులోనే మచ్చ, దెబ్బ, సొన కారిన చార కనబడిపోతాయి. తర్వాత బల్ల మీదున్న పాత క్రికెట్ బంతి పక్కన పెట్టి చూస్తాడు. చిన్నరసం బంతికన్నా పెద్దదైతే ట్రేలోకి, చిన్నదైతే జ్యూస్ ఫ్యాక్టరీ కుప్పలోకి. విసరడు, నెమ్మదిగా పెడతాడు. ఆ షెడ్డులో కాయను ఎవరూ విసరరు. దెబ్బ తగిలిన కాయ రెండో రోజుకి లోపల నల్లబడుతుంది.

బంతి ఎరుపు ఎప్పుడో పోయింది. పద్నాలుగేళ్ళ సొన పట్టి నల్లగా మెరుస్తోంది. అది అతనికి మొదటి రంజీ వికెట్టు ఇచ్చిన బంతి. ఆడినవి రెండే మ్యాచ్‌లు, తీసినవి నాలుగు వికెట్లు. మూడో మ్యాచ్‌కి ముందు ప్రాక్టీసులో ఎడమ భుజంలో ఏదో తెగింది. ముసునూరు తిరిగొచ్చి ఈ బల్ల ముందు కూర్చున్నాడు. అప్పటినుంచి ఆ చెయ్యి దేన్నీ విసరలేదు.

నిన్న అప్పటి కెప్టెన్ ఉదయ్ భాస్కర్ ఫోన్ చేశాడు. విజయవాడలో అమ్మాయిల జట్టుకి స్పిన్ నేర్పే మనిషి కావాలట.

"మాటలు చెప్పేవాళ్ళున్నారు. వేసి చూపించేవాడు కావాలి. రేపు సాయంత్రంలోపు చెప్పు."

ఇవాళ అన్నాలయ్యాక, పక్క బల్ల దగ్గర కాయలేరే ఆరోగ్యం అడిగింది. "ఏం చెప్పావు?"

"ఇంకా చెప్పలేదక్కా. భుజం ఏమంటదో."

"దాన్నడిగావా?"

ఆమే లేచి దారిలోని ట్రేలు పక్కకి జరిపింది. షెడ్డు చివర ఖాళీ ట్రే ఒకటి, నోరు అతనివైపు ఉండేలా, పడుకోబెట్టింది. "వెయ్యి. అదేం కాయ కాదుగా, కమిలిపోడానికి."

మొదటి బంతి ఇనుప స్తంభానికి తగిలి గడ్డిలో పడింది.

"నాలుగు వికెట్లూ ఇట్టాంటి స్తంభాలేనా?"

చార్లెస్ భుజం పట్టుకుని నిలబడ్డాడు. నొప్పి ఉంది, తెలిసిన నొప్పే. బంతి తెచ్చుకుని, కాయను తిప్పినట్టే వేళ్ళ మధ్య తిప్పాడు. నాలుగడుగులు వేసి వదిలాడు. బంతి ట్రేకి కుడిపక్క సిమెంటు నేలను గీరుకుని, ఎడమకి తిరిగి, లోపలికి దూరింది.

ఆరోగ్యం ట్రే దగ్గరికి వెళ్ళింది. బంతి తీసి కొంగుతో తుడిచి బల్ల మీద పెట్టింది. చార్లెస్ జేబులోంచి ఫోన్ తీశాడు.

నాలుగున్నర విజయవాడ బస్సుకి సంచి భుజాన వేసుకుని బయల్దేరాడు. కుడి భుజాన.

"ఒరేయ్, బంతి మర్చిపోయావు!"

"అక్కడ కొత్తవి ఉంటాయక్కా. మీకు కొలత కావాలిగా."

బస్సు కదిలిన చప్పుడు వినబడింది. ఆరోగ్యం ఒక చిన్నరసం తిప్పి చూసి బంతి పక్కన పెట్టింది. బంతి నేలకు గీరుకున్న చోట సొన పొర లేచి, వేలి గోరంత ఎరుపు బయటపడి ఉంది.