మంచినీళ్ళంత దూరం

కొల్లేరు మధ్యన లంక. చుట్టూ నీళ్ళే, తాగడానికి చుక్క ఉండదు. మంచినీళ్ళ చెరువు అవతలి గట్టున. పొద్దున్నే దోనెలో బిందెలు పెట్టుకుని గెడకర్ర వేసి తోసుకుంటూ పోతే పోను గంట, రాను గంట. కాపురానికొచ్చిన మర్నాటి నుంచీ ఆ నీళ్ళు తెచ్చింది ప్రభావతే. మొగుడు పేతురు ఏనాడూ ఆ గెడ ముట్టలేదు. ఆమె బిందె దించకముందే అనేవాడు: "పక్కకెళ్ళి నీళ్ళు తేవడానికి ఇంతసేపా?"

తల్లి లేని చెల్లెలు జెస్సీని ప్రభావతే పెంచింది. పెళ్ళయి ఆ పిల్ల అండమాన్ వెళ్ళిపోయాక, జడ అల్లిన వేళ్ళు ఊరుకోలేక తడిక పుల్లలు అల్లుతుండేవి. ఒక్కసారి చూసొస్తానంటే పేతురు నవ్వేవాడు. "ఇదీ లంకే, అదీ లంకే. ఈ లంకలోంచి ఆ లంకకెళ్ళి ఏం చూస్తావే? సముద్రం దాటాలి. ఓడలో వాంతులయ్యి చస్తావు." సునామీ వచ్చినప్పుడు ఆమె పొయ్యి వెలిగించలేదు. జెస్సీ బతికే ఉందని ఫోనొచ్చింది. "ఉందిగా. ఇక లేచి కూర వండు," అన్నాడు.

పేతురు పోయాక ఆమె చర్చిలో సాయంత్రం చదువుల్లో చేరింది. అందరూ తమ పేర్లు దిద్దుతుంటే ఆమె జెస్సీ పేరు రాసిమ్మని అడిగి దిద్దింది.

మొన్న మందులకని ఏలూరు వెళ్ళి, బస్సు కోసం నిలబడి, అలవాటుగా బోర్డులు కూడబలుక్కుంటోంది. ఒక ట్రావెల్స్ కొట్టు అద్దం మీద 'చెన్నై – పోర్ట్ బ్లెయిర్' అని కనబడింది. జెస్సీ ఉండే ఊరి పేరే. రెండుసార్లు చదివి, చెప్పులు బయట విడిచి లోపలికెళ్ళింది.

"అమ్మాయ్, ఆ దీవికి ఎన్ని రోజులు పడుద్ది?"

"రోజులేంటండీ?" కంప్యూటర్ ముందున్న పిల్ల నవ్వింది. "రాత్రి రైలెక్కితే పొద్దున్నే చెన్నైలో దిగుతారండి. అక్కణ్ణించి విమానం. పద్నాలుగు వందల కిలోమీటర్ల లోపేనండి. రెండు గంటల్లో దింపేస్తాడు."

"మధ్యలో ఎక్కడా ఆగదా?"

"సముద్రం మీద ఎక్కడ ఆగుద్దండీ?"

ప్రభావతి బల్ల మీద కూర్చుంది. రెండు గంటలంటే ఎంతో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. అరచేతులు కాయలు కాసి ఉన్నాయి. జెస్సీని చేరేటంత సేపు రోజూ దోనెలో నిలబడి గెడ వేసింది. దిగి చూస్తే ప్రతిసారీ పేతురు గడపే.

చేపల చెరువులో పేతురు వాటా కింద వచ్చిన డబ్బు ఆమె కొంగున ముడేసే ఉంది. అక్కడే టిక్కెట్టు తీసుకుంది. ఇంటికొచ్చి చెబితే కొడుకు రూబెన్ మంచం మీంచి లేచి కూర్చున్నాడు.

"అంత దూరం ఒక్కదానివే ఎలా వెళ్తావమ్మా? దారిలో ఏదన్నా అయితే?" అన్నాడు. తల గోక్కున్నాడు. "అయినా... నీళ్ళెవరు తెస్తారు?"

ప్రభావతి కొడుకు ముఖంలోకి చూసింది. అచ్చం తండ్రి ముక్కే.

మర్నాడు తెల్లారకముందే అతన్ని లేపి దోనె ఎక్కించింది. నడి కొల్లేట్లో గెడ చేతికిచ్చి, బిందెల పక్కన కూర్చుంది.

"చేతుల్తో తొయ్యకు. ఒళ్ళంతా వాలాలి."

దోనె గుండ్రంగా తిరిగింది. మళ్ళీ తిరిగింది. రూబెన్ చొక్కా చెమటకు వీపుకంటుకుంది. గట్టు జాడే లేదు.

"ఇంకా ఎంత దూరమమ్మా?"

ఆమె నీళ్ళలో చెయ్యి పెట్టి ఆడిస్తూ, తూర్పున తెల్లబడుతున్న ఆకాశం వైపు చూస్తోంది.

"పక్కకే, నాన్నా," అంది.