మా నాన్న దున్నిన దొరపొలం

మా తమ్ముడు ఓస్బర్న్ ఇంట్లో తిరగలి దొరికింది. గింజలు దొరగారి మరలోనే ఆడించాలి, పదహారో వంతు అక్కడే వదిలి రావాలి. వీడు దొంగచాటుగా ఇంట్లో విసిరాడు. దొర మనుషులు తిరగలి పగలగొట్టి, వాణ్ణి కోట కింది చీకటి కొట్లో పడేశారు. మూడు నెలలైంది. వాడి దగ్గు వినిపిస్తుందేమోనని మరదలు గున్నిల్డ్ రోజూ కోట గోడ పక్కన నిలబడేది.

ఒక ఆదివారం చర్చిలో ఫాదర్ రాజుగారి పత్రం చదివి వినిపించాడు. స్వతంత్రుడైన ఏ మనిషినీ తోటివాళ్ళ తీర్పు లేకుండా చెరలో పెట్టకూడదట. గున్నిల్డ్ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"బావగారూ, విన్నారా? ఇంక ఆయన్ని వదలాల్సిందే!"

"ప్రభువులు పోట్లాడి రాయించుకున్నదమ్మా అది. మనకెక్కడ పనికొస్తుంది?"

"మనిషి అన్నారుగా. మీ తమ్ముడు మనిషి కాడా?"

ఆ పిచ్చిది లింకన్ పట్నం దాకా నడిచి వెళ్ళి రాజుగారి న్యాయమూర్తి కాళ్ళ మీద పడింది. ఓస్బర్న్‌ను సంకెళ్ళతో తీసుకొచ్చారు. వాడు స్వతంత్రుడో, దొరకు కట్టుబడ్డవాడో తేల్చడానికి రక్తసంబంధీకుణ్ణి అడగడం ఆనవాయితీ. నన్ను పిలిచారు.

దొరగారి గుమాస్తా నవ్వుతూ నా దగ్గరికొచ్చాడు. "మీ నాన్న మంచి పనివాడటగా?"

అంత పెద్ద సభలో మా నాన్న గురించి ఎవరైనా అడగడం అదే మొదటిసారి. నా నోరు కాలిపోను, ఛాతీ ఉప్పొంగింది. మాది పరువైన కుటుంబమని తెలిస్తే తమ్ముణ్ణి వదులుతారనుకున్నాను.

"నలభై ఏళ్ళు, అయ్యా! వారానికి మూడు రోజులు దొరగారి పొలం దున్నాడు. జ్వరమొచ్చినా నాగలి వదల్లేదు. ఒక్క రోజు నాగా లేదు!"

న్యాయమూర్తి నా వైపు జాలిగా చూశాడు.

"వెట్టి చేసినవాడి కొడుకు స్వతంత్రుడు కాడు. ఈ పత్రం ఇతనికి వర్తించదు. దొర మనిషిని దొర ఏమైనా చేసుకోవచ్చు."

గున్నిల్డ్ ఏడవలేదు. నన్ను చూడలేదు కూడా. లాక్కెళ్తుంటే తమ్ముడే నా ముందు ఆగాడు.

"నాన్న ఒక రోజు నాగా పెట్టాడు, అన్నయ్యా. నేను పుట్టిన రోజు. అమ్మ చెప్పేది, మర్చిపోయావా?"

ఈస్టర్ రాకముందే గోడ వెనక దగ్గు ఆగిపోయింది. గున్నిల్డ్ నాతో మాట్లాడటం మానేసింది. ఆ తర్వాతి సోమవారం కూడా, ఎప్పటిలాగే, నేను దొరగారి పొలం దున్నడానికి వెళ్ళాను.