లోపలి తొడుగు

న్యాయశాస్త్రం బోధించి రిటైరైన ప్రొఫెసర్‌గారి కాలి వేలికి పుండు పడింది. షుగర్ నాలుగు వందలు దాటింది. వారంలో దిగకపోతే వేలు తీసేయాల్సిందేనని డాక్టర్ చెప్పాడు.

రెండు నెలల కిందట ఇదే క్లినిక్‌లో ఇన్సులిన్ పెన్ను ఇచ్చిన రోజున, నర్సు ఆయన చేతిలో ఒక కాగితం పెట్టి, "మీకు చెప్పేదేముంది సార్" అంది. పక్కనున్న దర్జీ ఆవిడకు చదవడం రాదు. ఆవిడకూ పెన్ను ఇచ్చి, నర్సు ఆవిడ చేత మూడుసార్లు చేయించి చూసింది, మూడుసార్లూ విసుక్కుంది.

ఇవాళ మళ్లీ ఆ ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు. భోజనానికి ముందు వేసుకునే మందు వేళయింది. ప్రొఫెసర్ చొక్కా ఎత్తి, పెన్ను పొట్టకు ఆనించి నొక్కాడు.

"చూశావామ్మా, చీమ కుట్టినట్టైనా లేదు. పద్ధతి తెలియాలి."

"ఎలా ఉంటుందండీ? సూదికి లోపలి తొడుగు తీయందే! మందంతా మీ బనీను తాగేస్తోంది."

ఆయన తడిసిన బనీను చూసుకున్నాడు. "కాగితంలో తొడుగు తీయమనే ఉంది. ఎన్ని తొడుగులో రాయలేదు. అది వాళ్ల లోపం."

"దాని మీద తర్వాత కేసు వేద్దురుగాని. ముందు వేలు దక్కించుకోండి."

ఆవిడ పెన్ను లాక్కుని, లోపలి తొడుగు తీసి, డోసు మళ్లీ తిప్పించింది. ఆయన పొడుచుకుని "అబ్బా!" అని అరిచాడు.

నర్సు పరుగెత్తుకొచ్చింది. "ఏమైంది సార్?"

"ఏం లేదు. ఈవిడకు చూపిస్తున్నాను."

నర్సు దర్జీ వైపు తిరిగింది. "సార్ చెప్పింది ఇప్పటికైనా బుర్రకెక్కిందా?"

వారానికి షుగర్ దిగింది. వేలు దక్కింది. రోగి విద్యావంతుడని, సూచనలు పాటించాడని డాక్టర్ ఫైల్లో రాశాడు.