అక్క కంప్యూటర్ నోరు నొక్కిందెవరు

మా అక్క కంప్యూటర్‌లో శబ్దం రాకపోతే లోకానికి వచ్చే నష్టమేమీ లేదు. అక్కకు మాత్రం మాట పోయినట్టే. గొంతులో గడ్డకు ఆపరేషన్ చేశాక ఆమె గొంతు తిరిగి రాలేదు. చూస్తే ఉద్యోగం లెక్కల టీచరు. అందుకే నా దగ్గరున్న కంప్యూటర్‌లో డబ్బు కట్టక్కర్లేని లినక్స్ సిస్టమ్ వేసి, మెనూలన్నీ తెలుగులోకి మార్చి, టైపు చేసింది పైకి చదివే ప్రోగ్రామ్ ఒకటి ఎక్కించి ఇచ్చాను. అక్క టైపు చేస్తుంది, స్పీకర్లు చదువుతాయి. ఆ గొంతు రేకుడబ్బాలో గులకరాళ్ళు వేసి ఆడించినట్టు ఉంటుంది గానీ, మాటలు మాత్రం అచ్చంగా అక్కవే. మొదటి రోజే దానితో బావను తడి తువ్వాలు మంచం మీద వేసినందుకు తిట్టింది. ఆయన ముఖం చూడాలి!

స్కూల్లో హెడ్మాస్టరుకు ఇవేవీ పట్టలేదు. "గొంతు లేకుండా పాఠం ఎలా చెప్తారమ్మా? స్టోర్‌రూమ్ తాళాలు చూసుకోండి, హాయిగా ఉంటుంది" అన్నాడు. హాయి అట! ఆ మాట అక్క పలక మీద రాసి చూపించినప్పుడే నాకు ఒళ్ళు మండిపోయింది. అక్క ఊరుకోలేదు. ఒక్క క్లాసు చెప్పి చూపిస్తానని పట్టుబట్టింది. శుక్రవారం అన్నారు. స్కూలు కమిటీ పెద్దమనిషి కూడా వచ్చి వెనక కూర్చుంటాడు. క్లాసు బాగుంటే పాఠాలు అక్కవి, లేకపోతే తాళాలు అక్కవి.

సరిగ్గా ఆ వారం మొదట్లోనే కంప్యూటర్ నోరు పడిపోయింది.

పరుగున వెళ్ళాను. స్పీకర్ల వైరు నా ఫోనుకు పెట్టి చూస్తే చక్కగా మోగాయి. కంప్యూటర్ వెనక పచ్చ రంగు కన్నంలో వైరు బిగించి పెట్టి చూశాను. శబ్దం పొరపాటున మానిటర్ వైపు పోతోందేమోనని అదీ చూశాను. చివరికి ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ తెరిచి, శబ్దం పాళ్ళు చూపించే మిక్సర్ పిలిస్తే, మెయిన్ గీత కింద MM అని కనిపించింది. అంటే శబ్దం ఆపేసి ఉందని. కీబోర్డు మీద M నొక్కగానే అది OO అయింది, స్పీకర్లు గర్రుమన్నాయి. కొత్తగా వచ్చిన అప్‌డేట్ నిర్వాకం అనుకుని, అప్‌డేట్‌ను నాలుగు తిట్టి ఇంటికెళ్ళాను.

మర్నాడు మళ్ళీ నిశ్శబ్దం.

"నేను ముందే చెప్పానా? ఊరికే వచ్చే సరుకు ఇలాగే ఏడుస్తుంది" అన్నాడు బావ.

"మీ ఫోను లోపల ఉన్నదీ ఆ సరుకే బావా. అది ఏడవడం లేదుగా" అన్నాను.

ఆయన నాతో వాదించకుండా రిపేరు షాపతన్ని పిలుచుకొచ్చాడు. అతనికి మా ఇంట్లో పేరు ఫార్మాట్‌గారు. మౌస్ కదలకపోయినా, ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా, అతను చెప్పే మందు ఒకటే. మూత విప్పి, దుమ్ము ఊది, వేలితో ఏదో తట్టి, "సౌండ్ చిప్ పోయింది మేడమ్. ఫార్మాట్ కొట్టి వేరే సిస్టమ్ వేసేద్దాం" అన్నాడు.

"పోయిన చిప్ ఫార్మాట్ కొడితే వస్తుందా?" అన్నాను.

"చెప్పలేం మేడమ్. కొట్టి చూస్తేనే తెలుస్తుంది."

అరికాలి మంట నెత్తికెక్కింది. అక్క తన పాఠాలన్నీ టైపు చేసి పెట్టుకున్నది అందులోనే. వాటిని తుడిచేసి చూస్తాడట, తెలుసుకోవడానికి! స్క్రూడ్రైవర్ అతని చేతికిచ్చి, దారి చూపించాను. బావ నొచ్చుకున్నాడు. నొచ్చుకోనీ. ఆ తరువాత, అక్క పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్ళగానే శబ్దం దానంతటదే తెరుచుకునేలా ఒక ఆదేశం రాసి పెట్టాను. ఇక చచ్చినా మూసుకోదు అని ధీమాగా చెప్పి మరీ వెళ్ళాను.

మర్నాడు పొద్దున్నే బావ ఫోను. "మీ అక్క ఏడుస్తోంది. నీ ఆదేశం కూడా పోయింది."

గురువారం సెలవు పెట్టి వెళ్ళాను. అక్క కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఆమెను అలా చూసేసరికి కంప్యూటర్ మీద, హెడ్మాస్టరు మీద, ఈ భూమండలం మీద కోపం వచ్చింది. కుర్చీ లాక్కుని అక్క వెనకే కూర్చున్నాను.

"నా ముందే ఆన్ చెయ్యి. రోజూ ఏం చేస్తావో అదే చెయ్యి, ఒక్కటి కూడా మార్చకు."

అక్క ఆన్ చేసింది. పాస్‌వర్డ్ కొట్టింది. తెర తెరుచుకుంటూ టింగుమంది, అంటే శబ్దం ఉంది! నా ఆదేశం బతికే ఉంది! నేను నోరు తెరిచేలోపే అక్క సెట్టింగులు తెరిచి, శబ్దం పేజీలోకి వెళ్ళి, ఒక చిన్న గడిలో టిక్కు పెట్టి, ఎంతో శ్రద్ధగా పేజీ మూసేసింది. తరువాత "నమస్కారం పిల్లలూ" అని టైపు చేసింది. స్పీకర్లు ఉలకలేదు, పలకలేదు.

"ఆగు. ఇందాక ఏం నొక్కావు?"

అక్క పేజీ మళ్ళీ తెరిచి వేలితో చూపించింది. గడి పక్కన తెలుగులో ఒకటే మాట ఉంది. మూగ.

"దాన్నెందుకు నొక్కావే?"

అక్క నన్ను వింతగా చూసింది. పలక తీసి రాసింది. "నేనే కదా."

నాకు అర్థం కాలేదనుకుని ఇంకా రాసింది. "నాలాంటివాళ్ళ కోసం పెట్టిన సెట్టింగు. ఈ వారమే కంటపడింది. నువ్వు వచ్చి వెళ్ళినప్పుడల్లా టిక్కు పోతోంది. మళ్ళీ పెడుతున్నాను."

అప్పుడు లేచాను చూడండి! శబ్దం ఆపే మీటకు తెలుగులో ఇంకో మాటే దొరకలేదా? ఎవడు రాశాడు ఇది? ఒక్కసారైనా ఈ మాట ఎవరి కంట పడుతుందో, చదివినవాళ్ళు ఏమనుకుంటారో తట్టలేదా ఆ మహానుభావుడికి? గదిలో అటూ ఇటూ తిరుగుతూ, ఆ అనువాదం చేసిన ముఖం తెలియని మనిషిని నోటికొచ్చినట్టు తిట్టాను. అక్క నా కొంగు పట్టుకుని ఆపింది. పలక తుడిచి, నెమ్మదిగా రాసింది.

"తిట్టకు. ఎవరో నన్ను కూడా గుర్తుపెట్టుకుని చేశారనుకున్నాను. బాగా అనిపించింది."

ఎక్కడో ఉన్న మనిషెవరో తనను తలుచుకుని ఒక చిన్న గడి గీశాడని నమ్మి, అక్క రోజూ పొద్దున్నే దాని దగ్గరికి వెళ్ళి టిక్కు పెట్టుకుంది. పక్కనే ఉండి తాళాలు చూసుకోమన్నవాళ్ళతో పోలిస్తే ఆ లేని మనిషే నయం అనిపించింది. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఆ టిక్కు తీసేశాను.

ఆ మాట మార్చమని అనువాదకులకు ఘాటుగా రాశాను. వాళ్ళు మార్చినప్పుడు మారుస్తారు, అక్క కంప్యూటర్‌లో మాత్రం అక్కడికక్కడే "శబ్దం ఆపు" అని మార్చేసి లేచాను.

శుక్రవారం బావ కంప్యూటర్ మోసుకొచ్చి క్లాసులో పెట్టాడు. వైర్లన్నీ నేనే కలిపి ఒక పక్కన నిలబడ్డాను. హెడ్మాస్టరూ కమిటీ పెద్దమనిషీ వెనక బెంచీ మీద ఇరుక్కుని కూర్చున్నారు. అక్క భిన్నాలు మొదలుపెట్టింది. గులకరాళ్ళ గొంతు వినగానే పిల్లలు కిసుక్కుమన్నారు. అక్క బోర్డు మీద ఒక లెక్క వేసి, నవ్వినవాళ్ళలో ఒకమ్మాయిని పైకి పిలిచింది. నవ్వులు ఆగిపోయాయి. కాసేపటికి ఆ గొంతు ఎలా ఉందన్నది ఎవరికీ పట్టలేదు, అందరూ లెక్కలో పడిపోయారు.

అప్పుడు వెనకనుంచి హెడ్మాస్టరు, చెవిలో చెబుతున్నాననుకుని, క్లాసంతటికీ వినపడేలా అన్నాడు. "పాపం, మూగావిడ. పిల్లలు జాలికొద్దీ కూర్చున్నారండీ. ఈ గోల రోజూ ఎవరు భరిస్తారు?"

నేను ఒక అడుగు వేశాను. అక్క నావైపు చూడకుండానే అరచెయ్యి చూపించి ఆపింది. స్పీకరు గుండీ పెద్దగా తిప్పి టైపు చేసింది.

"వెనక మాట్లాడుతున్నది ఎవరు? లేచి నిలబడండి."

క్లాసంతా వెనక్కి తిరిగింది. హెడ్మాస్టరు లేచాడు. లేవకూడదని అతనికి తట్టేసరికే నిలబడి ఉన్నాడు.

"నేను ఇందాక ఏం చెప్పానో చెప్పండి."

హెడ్మాస్టరు బోర్డు వైపు చూశాడు, పిల్లల వైపు చూశాడు.

"వింటే తెలిసేది. కూర్చోండి."

కూర్చున్నాడు. కమిటీ పెద్దమనిషి నవ్వాపుకోలేక భుజాలు కుదుపుతూ, "ఈవిడ్ని స్టోర్‌రూమ్‌లో పెడతానంటారేంటండీ మీరు?" అన్నాడు, గొంతు కాస్త పెంచే.

అక్క చేతులు మళ్ళీ కీబోర్డు మీదికి వెళ్ళాయి. పెద్దమనిషి గబుక్కున నోరు మూసుకుని, చేతులు కట్టుకున్నాడు.