లంకవారి నెఱిగిన నూర్గురు

ఆషాఢమాసారంభమున నీలజలధరమాలికావృతమైన గగనతలము క్రింద సహ్యపర్వతసానువులందు గురిసిన తొలివానల యెఱ్ఱమంటిని మోసికొనుచు గౌతమీనది విశాలసైకతములను మెల్లమెల్లగా మ్రింగుచుండ దక్షిణతీరమందలి వేణుగిరిదుర్గప్రాకారముపై నిలిచి కొమ్మయనాయకుడు నదీమధ్యమున బచ్చగా గానవచ్చు తాటిలంకవంక జింతాక్రాంతచిత్తుడై చూచుచుండెను.

మూడేండ్లకు బూర్వము వచ్చిన వఱదలో దమ్ము రక్షింపవచ్చిన రాజభటులను దోచుకొనవచ్చినవారని భ్రమసి లంకవారు రెల్లుపొదలలో దాగి ప్రాణములు గోల్పోయిరి. అది విని పరితపించిన రాజు సైనికులకును బ్రజలకును గలసి పనిచేయు నేర్పు గఱపుటకై పడవవారింట బుట్టి సేనలో బెరిగిన కొమ్మయను నియమించెను. అతడు రెండేండ్లు నూర్గురు భటులను వెంటబెట్టుకొని పక్షమున కొకమాఱు లంక కేగి కత్తులు పడవలోనే విడిచి దిగుటయు నింటిపెద్దను బేరుపెట్టి పలుకరించుటయు బశువులను ముందుగా దాటించినగాని గృహస్థులు కదలరని తెలిసికొనుటయు లంకవారి డప్పుమ్రోతలలో నేది పిలుపో యేది హెచ్చరికయో గుర్తించుటయు వారికి నేర్పెను. తుదకు లంకవారు భటులను వరుసలుపెట్టి పిలిచి యన్నము పెట్టువఱకు వచ్చెను.

అట్టితరి గ్రొత్తగా వచ్చిన దండనాయకుడు మాచిరాజు ఆ నూర్గురను బడమటి సరిహద్దునకు బంపి వారికి మాఱుగా మెట్టసీమవారగు వేఱు నూర్గురను రప్పించెను. కొమ్మయ యాతని సన్నిధి కేగెను.

"ప్రభూ, వీరు శూరులే. అయినను లంకలో నొక్కరి పేరైన నెఱుగరు. ఈ యేటివఱకైన బాతవారి నుంపుడు."

"నూర్గురు పోయిరి, నూర్గురు వచ్చిరి. నీకు గొఱత యేమి? మనుష్యులను బడవ యెక్కించుటకును జదువు వలయునా?" అని దండనాయకుడు నవ్వి పత్రములపై దృష్టి మరల్చెను.

ఆ మాటలు జరిగిన పదునెనిమిదవనాటి ప్రాతఃకాలమున నది గట్లు దాటెను. క్రొత్తభటులు ప్రాణములకు వెఱవక లంకలో దిగిరి గాని కత్తులతో దిగిరి. ఆవులను విప్పుచున్న స్త్రీలను జేతులు పట్టి యీడ్చిరి. లంకవారు కొందఱు భయపడి మరల రెల్లులోనికి బరుగెత్తిరి. ఒక పడవలో నందఱు నొకవైపున కొరగగా నా పడవ బోర్లపడి యిద్దఱు భటులును నలుగురు లంకవారును బ్రవాహమున గలసిరి. ఆ నలుగురిలో లంకకు బెద్దదిక్కయిన పోలమ చెల్లెలు నుండెను. కొమ్మయ మూడుమాఱులు పడవ నడపి మిగిలినవారిని దాటించెను.

గట్టుపై దడిచీరతో గూర్చున్న పోలమ యాతని నడిగెను. "మా వాళ్ళేరి నాయకా? మా యింట్లో తిని పోయిన సూరపన్న యేడీ? అతనుంటే నా చెల్లెల్ని అట్లా లాగేవాడా?"



నాలుగవనాడు దండనాయకుడు కొమ్మయను బిలిపించి "ఇక వీరికిని నేర్పుము" అనెను.

"నేర్పెదను. నేర్చినపిదప వీరిని గదలింపనని వ్రాసి యిండు."

"సేన రాజుగారిది. ఆ మాట నేనెట్లిత్తును?"

దండనాయకుని మాటలో నసత్యము లేదు. అదియే కొమ్మయను దహించెను.

భాద్రపదమున వఱద తీసిన పిమ్మట నిసుకతిన్నెపై నూర్గురు భటులును వచ్చి కూర్చుండిరి. లంకవారు రాలేదు. ప్రొద్దెక్కిన తరువాత బోలమ యొక్కతెయే వచ్చెను.

"పోలమక్కా, వీరికి నాలుగు మాటలు చెప్పుదువా?" అని కొమ్మయ యాశతో నడిగెను.

"చెప్పడానికి రాలేదు నాయకా. వీళ్ళెన్నాళ్ళుంటారో కనుక్కుని పోదామని వచ్చాను."

నూర్గుర స్థానమున నూర్గురను నిలుపుట యధికారులకు నొక్కపూట పని. మనుష్యులు మనుష్యులను నమ్ముటకు బట్టిన రెండేండ్లను దెచ్చి నిలుపుట యెవ్వరి తరమును గాదు. కొమ్మయ భటులవైపు దిరిగి ఈమెకు నమస్కరింపుడని పలికెను. నూర్గురు నొక్కమాఱుగ లేచి చేతులు మోడ్చిరి. పోలమ వారిలో నొక్కని ముఖమైనను జూడక యేటివంక జూచుచుండెను.