చెవికి కిలో ఉప్పు

సరుకులో లోపం కనబడితే భూషణానికి లోపల్లోపల సంతోషంగా ఉండేది. చింతపండులో పీచు ఎక్కువైనా, ఇప్పపువ్వుకు చెమ్మ తగిలినా పైకి మొహం ముడుచుకునేవాడు గానీ, కిలోకు ఎంత తగ్గించవచ్చో మనసులో అప్పటికే తేలిపోయేది. కొంటా ఊరి బజారులో ముప్పై ఏళ్ళుగా అతని దుకాణం నిలబడింది ఆ చూపు మీదనే. లోపం లేని సరుకు కొని బాగుపడ్డ వ్యాపారిని తాను చూడలేదని అంటుండేవాడు.

అతని చెల్లెలు జయ దగ్గర నాలుగు లక్షలుండేవి. ఆమె భర్త అప్పలకొండ శ్రీకాకుళం వైపు మనిషి. బచేలీ ఇనుప గనుల్లో కాంట్రాక్టు పని చేసి చేసి, కామెర్లు ముదిరి పోయాడు. పీఎఫ్, బీమా కలిపి చేతికొచ్చిన సొమ్ము అది. జయ కొంటాకు వచ్చేసి, అన్న దుకాణానికి రెండు సందుల అవతల గది తీసుకుని జాకెట్లు కుడుతోంది. కూతురు దీప జగ్దల్‌పూర్‌లో నర్సింగు చదువుతోంది.

బ్యాంకులో వేసిన ఏడాది డిపాజిట్టు గడువు తీరిన రోజున జయ ఆ రసీదు పట్టుకుని అన్న దగ్గరికి వచ్చింది.

“పోయినేడు ఏడు దగ్గర ఇచ్చిన్రు. ఇప్పుడు వడ్డీ ఆరేనంట అన్నా. ‘బ్యాజ్ గిర్ గయా, దీదీ’ అంటడు ఆ బ్యాంకు బాబు. అదేదో చెట్టు మీంచి కాయ రాలినట్టు.”

“ఆరంటే నెలకు రెండు వేలు. పిల్ల ఫీజు, హాస్టలు ఎంతయితది?”

“ఏడాదికి అరవై దాటుద్ది.”

“ఇంకేముంది? దాని చదువయ్యేసరికి అసలు కరిగిపోద్ది. నీ పైసలు బ్యాంకుల పండుకున్నయ్ జయా. పండుకున్నోడికి కూలి ఎవడిస్తడు?”

భూషణం అప్పటికే ఆలోచించి పెట్టాడు. గొల్లపల్లి దాటాక అడవి అంచు పల్లెలో హుంగే అనే దోర్ల తెగ మనిషి ఉంది. ఏళ్ళ తరబడి అతనికి చింతపండు అమ్మి, అతని దగ్గరే ఉప్పూ పొగాకూ కొనేది. మేకలు మేపడంలో ఆమెకు చుట్టుపక్కల పేరుంది. మూడు లక్షలు పెట్టి ఆడమేకలు కొని ఆమెకు సగం పాలుకు ఇవ్వాలి. తల్లులు జయవి. పుట్టిన పిల్లల్లో సగం హుంగేవి, సగం జయవి. జయ సగంలో నాలుగింట ఒకటి, మధ్య నిలబడి చూసుకుంటున్నందుకు, భూషణానిది. చెల్లెలైనా లెక్క లెక్కే.

మేక చస్తే ఏమిటన్నది ఒక్కటే చిక్కు. అమ్ముకుని చచ్చిందని చెబితే ఆ అడవిలో సాక్ష్యం ఎవరు? భూషణం దానికీ ఒక పద్ధతి పెట్టాడు. మేక చస్తే కుడి చెవి కోసి, పొగ మీద ఆరబెట్టి తేవాలి. చెవి వస్తే నష్టం సొమ్ము పెట్టినవాళ్ళది. చెవి రాకపోతే మేక ఖరీదు హుంగే ఇచ్చుకోవాలి. అంత దూరం మోసుకొచ్చినందుకు చెవికి కిలో ఉప్పు ఇస్తానన్నాడు. ఏడాదికి నాలుగో ఐదో చస్తాయి. నాలుగైదు కిలోల గల్లుప్పుకు నిజం దొరుకుతోందంటే అంతకంటే చవక బేరం ఏముంది?

మొదటి ఏడు అంతా అనుకున్నట్టే నడిచింది. అసలు కంటే వడ్డీ ముద్దన్నట్టు, దొడ్డినిండా పిల్లలు గెంతుతుంటే జయ ఒకసారి వెళ్ళి ఒకదాన్ని ఒళ్ళో పెట్టుకుని ఫొటో దిగి దీపకు పంపింది. దసరా ముందు పోతుపిల్లలను అమ్మి భూషణం చెల్లెలి చేతిలో నలభై రెండు వేలు పెట్టాడు. ఆ మూడు లక్షలకు బ్యాంకు ఇచ్చేది పద్దెనిమిది.

“నువ్వు నా పాలిట లక్ష్మివి అన్నా,” అంది జయ.

“లక్ష్మి కాదు, మేక,” అన్నాడు భూషణం. ఇద్దరూ నవ్వుకున్నారు.

రెండో ఏడు వానాకాలంలో జయ దగ్గర దీప ఫీజు కోసమని విడిగా తీసి పెట్టిన యాభై వేలున్నాయి. కట్టడానికి ఇంకా రెండు నెలల గడువుంది. ఆ రెండు నెలలు ఆ సొమ్ము ఊరికే ఉండటం భూషణానికి కంట్లో నలుసులా అనిపించింది. చవకలో కొన్ని మేకలు దొరికితే హుంగే దొడ్డిలో కాస్త కండ పట్టించి, పండగ గిరాకీకి తోలేస్తే ఫీజూ నిలుస్తుంది, పైన పాతిక వేలూ మిగులుతాయి. జయ ఎదురు చెప్పలేదు. చెప్పడానికి కారణం కూడా లేదు.

నెల రోజులు సంతలు తిరిగాక శబరి ఏటి అవతల ఒక సంతలో అతనికి కావలసిన మనిషి కనిపించాడు. పద్నాలుగు మేకలు. కుడి చెవులకు గాట్లు, ఎవరి మందవో గుర్తు. మధ్యాహ్నం దాటినా ఒక్కటీ అమ్ముడుపోలేదు. అమ్మేవాడు మాటిమాటికీ బస్సు వైపు చూస్తున్నాడు. భూషణం ఒక మేక మూతి పట్టి పైకెత్తాడు. ముక్కు కారుతోంది. మరోదాని కళ్ళల్లో పుసి. అతనికి ఆ పాత సంతోషం కలిగింది.

“ఇదేంది, ముక్కు?”

“వానకు జలుబు సేటూ.”

“జలుబు మేకకు ఏడు వేలా? మందుల దుకాణానికి తోలుకపో.”

మేక మూడున్నర వేలకు దిగింది. ఇంటికి వస్తూ దారిలో సిగ్నలు దొరికిన చోట ఆగి జయకు ఫోను చేశాడు. ముక్కు కారుతోందని చెప్పి ధర సగానికి దించిన తీరు, మందుల దుకాణం మాటతో సహా, విడమరచి చెప్పాడు. జయ పడి పడి నవ్వింది. సాయంత్రానికి పద్నాలుగూ హుంగే దొడ్డిలో, పాత మేకల మధ్య ఉన్నాయి.

తర్వాత రెండు వారాలు వాన వదల్లేదు. వాగులు పొంగి అటునుంచి మనిషి రాలేదు. అక్కడ ఫోను పలకదు. మూడో వారం సంతనాడు ఎండ కాసింది. ఫీజు కట్టడానికి ఇంకా వారమే ఉందని జయ దుకాణానికి వచ్చి బస్తా మీద కూర్చుంది. అప్పుడే హుంగే గుమ్మంలోకి వచ్చి, భుజాన ఉన్న గుడ్డమూట దించింది.

“ఏంది హుంగే, ఇన్ని దినాలు? ఏరు దాటిందా నువ్వు దాటినవా?”

హుంగే నవ్వలేదు. మూట విప్పి అందులోంచి ఒక తాడు తీసింది. తాడుకు చెవులు గుచ్చి ఉన్నాయి. పొగకు నల్లబడి, ముడుచుకుపోయి, కొన్ని అరచేయంత, కొన్ని చింతాకు రెబ్బంత. తాడు ఎంత లాగినా వస్తూనే ఉంది.

“పారుడు రోగం సావుకారీ. ముక్కు కారుడు, నోరు పుండు, ఎనక నీళ్ళు. మూడు దినాలు నిలవడ్డది లేదు. ఏడు మిగిలినయ్. అవి గూడ మేత ముడతలేవు.”

“మాంసం?” అన్నాడు భూషణం. ఆ మాట నోటికి దానంతటదే వచ్చింది.

“తొలి రెండు కోసుకున్నం. తరవాత ఎవురు తినలే. గుంట తవ్వినం. నిండితే ఇంకోటి తవ్వినం.”

భూషణం తాడు అందుకుని ఒక్కో చెవీ జరుపుతూ లెక్కపెట్టాడు. లెక్కలో ఒక్కటి తగ్గితే చాలు, కొంత నష్టమైనా హుంగే వైపు తోయవచ్చు. రెండుసార్లు చూశాడు. ఒక్కటీ తగ్గలేదు. పైగా పదకొండు ఎక్కువ వచ్చాయి.

“ఇవేంది, ఎక్కువున్నయ్?”

“అవి మావి.” హుంగే తాడు తీసుకుని, ముడి విప్పి, తన పదకొండు చెవులూ ఏరి కొంగులో వేసుకుంది. “అన్ని ఒక్క దొడ్డిల సచ్చినయ్ గద, ఒక్క తాడుకే గుచ్చిన. వీటికి ఉప్పు నాకు రాదు.”

పదకొండు కిలోల ఉప్పు మిగిలిందని భూషణం మనసు చెప్పింది. ఇంత జరిగాక కూడా ఆ లెక్క ఆగలేదు.

జయ బస్తా మీంచి లేచి వచ్చి తాడు ఒక కొస పట్టుకుంది.

“ఈ మొదట ఉన్నయన్నిటికి గాటుంది. ఎందుకు?”

“సచ్చిన వరసన గుచ్చిన అమ్మా. లేకపోతే లెక్క మర్సిపోత.”

దుకాణం ముందు ఎవరో ఎండుచేపల ధర అడిగారు. భూషణం చూపు గాట్ల చెవుల మీదనే ఉంది.

“ఏటవతల కొన్నయే గదా అన్నా ఇవి,” అంది జయ. గొంతు పెంచలేదు. “ముక్కు కారుతుంటే చూసినవ్. చూసే ధర దించినవ్. ఫోన్ల నాకు చెప్పినవ్. నేను గూడ నవ్విన.”

“వానకు జలుబనే అన్నడే వాడు.”

“వాడన్నది నువ్వు నమ్మినవా?”

నమ్మలేదు. నమ్మి ఉంటే ధర దించేవాడు కాదు. తగ్గిన ధరలోనే ఆ లోపం తీరిపోయిందనుకున్నాడు, చింతపండులో పీచులాగా. పీచు పక్క బస్తాలోకి పాకదు. ఆ సంగతి మేకల దగ్గర అతనికి తట్టలేదు. తాడును చుట్టచుట్టి ఒక పళ్ళెంలో పెట్టాడు.

“దీప ఫీజు నేను సర్దుతలే,” అన్నాడు చివరికి.

“ఎంత వడ్డీకి?”

“ఏందే ఆ మాటలు?”

“నాలుగింట ఒకటి తీసుకున్నవ్ గద, అడుగుతున్న.” జయ అతని మొహంలోకి చూసింది. “ఒకటి చెప్పన్నా. నా పైసలు మేకలల్ల పెట్టినవ్. నీయి ఏడున్నయ్?”

ఇంతకాలంలో ఎవరూ అడగని ప్రశ్న అది. తనను తాను కూడా అడుక్కోలేదు. భూషణం సొమ్ము ఎనిమిది లక్షలు అదే బ్యాంకులో, అదే ఆరు శాతానికి ఉంది. వ్యాపారం చేసేవాడికి ఒక కాలు గట్టి నేల మీద ఉండాలన్నది అతని సూత్రం. చెల్లెలి సొమ్ముకు ఆ సూత్రం ఎందుకు వర్తించలేదో అతనికి ఇప్పుడు కూడా తెలియలేదు. ఆమెకున్నది ఒక్క కాలేనని మాత్రం తెలుసు.

“బ్యాంకుల,” అన్నాడు.

“అయితే తీయి.”

“మార్చికి గడువు తీరుద్ది. ముందే తీస్తే ఒక శాతం కోత...”

మాట సగంలో ఆగిపోయింది. అన్నది తానేనని అప్పుడు వినబడింది. జయ కళ్ళల్లో కోపం వస్తుందని చూశాడు. రాలేదు. అంగడిలో బేరం కుదరనివాళ్ళు సరుకును కిందపెట్టేటప్పుడు ఎలా చూస్తారో అలా చూసి, కొంగు దోపుకుంది.

“అమ్మా, మా పదకొండు సచ్చినయ్ గద,” అంది హుంగే. ఎవరిని అడగాలో తెలియక జయనే అడిగింది. “నీ మేకల రోగం మాయికి అంటింది. అది ఎవురి లెక్కల పడ్తది?”

జయ అన్న వైపు చూసింది. భూషణం కాటా వైపు చూశాడు. అతను పెట్టిన పద్ధతిలో దానికి చోటు లేదు.

“ఉప్పు కొలువు,” అంది జయ. “ఆమెకు రావల్సింది ముందు కొలువు.”

భూషణం ఉప్పు బస్తా మూతి విప్పాడు. కిలో రాయి వేసి, ఒక్కో చెవీ తాడు మీంచి తీసి పక్కన పెడుతూ, ఒక్కో కిలో తూచి హుంగే పట్టిన సంచిలో పోశాడు. గాట్ల చెవులు అయ్యాయి. తల్లి మేకలవి మొదలయ్యాయి. చిన్న చెవుల దాకా రాకముందే సంచి నిండింది.

“మోసేదాంక చాలు సావుకారీ. మిగిలింది వచ్చే సంతకిస్తువులే.”

సంచిని నెత్తికెత్తుకోవడానికి జయ ఒక చెయ్యి వేసింది. ఇద్దరూ మెట్లు దిగారు. భూషణం కాటా దగ్గరి నుంచి లేచాడు.

“జయా, రేపే బ్యాంకుకు పోతా. కోత పడితే పడనీ.”

ఆమె వెనక్కి తిరిగింది.

“వద్దన్నా. మార్చి దాకా ఆగు. దీపకు పొద్దున్నే ఫోన్ చేసి చెప్త, సామాను సర్దుకొని వచ్చెయ్యమని.”

ఆ మాట ఎంతవరకు నిజమో, ఎంతవరకు దెప్పడమో భూషణానికి తేలలేదు. మనిషి గొంతులో ధర ఎక్కడ ఆగుతుందో పసిగట్టగలిగిన వాడికి అది తేలలేదు. సంత జనంలో ముందు జయ తల, దాని మీదుగా హుంగే నెత్తిన ఉప్పు సంచి కాసేపు కనిపించి, బస్సు స్టాండు వైపు మలుపు తిరిగాయి.

“ఎండుచేపలు ఎట్లిస్తున్నవ్?” అని గుమ్మం ముందు మనిషి మళ్ళీ అడిగాడు.

తూచిన చెవులు పళ్ళెంలో పోగుపడి ఉన్నాయి. చెవి తేవాలని, ఉప్పు ఇవ్వాలని పద్ధతి పెట్టాడే గానీ, తెచ్చాక వాటిని ఏం చేయాలో ఎన్నడూ అనుకోలేదు. భూషణం పళ్ళెం చేతిలోకి తీసుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక, కాటా పక్కన అలాగే నిలబడ్డాడు.