కత్తెరాయన కోసేసిన ఖాళీ గది

సినిమా తీసేవాళ్లు వేరు, తీసేసేవాళ్లు వేరు. మన కత్తెరాయన రెండో జాతి. టీవీ ఛానల్లో ఎడిటరు. చేంతాడంత సినిమాని ప్రకటనల మధ్య ఇరికించడం ఆయన కొలువు. మనిషి ఊరికే నడిచాడా, కోత. గుమ్మం దగ్గర ఆగి ఆలోచించాడా, కోత. మనుషుల్లేని గది కనబడిందా, అసలు అడగక్కర్లేదు. కోతలు కోయడం చేతకాని మనిషి, కోయడం తప్ప ఇంకేదీ చేతకాదు. ఇంట్లోనూ అదే వరస. భార్య నోరు తెరిస్తే, "సరే, విషయానికి రా" అనేవాడు.

ఆ భార్యకు తలలో నరం చిట్లింది. ప్రాణం దక్కింది గాని, చూపు అంచుల నుంచి మూసుకొస్తోంది. ఆగదనీ, పోయింది తిరిగి రాదనీ డాక్టరు చెప్పేశాడు. చప్పుడు కూడా పడదు. టీవీ పెడితే హీరో అరుపు, విలన్ అరుపు, మధ్యలో సబ్బు అరుపు. ఉన్న కాస్త చూపుతో గోడను చూస్తూ కూర్చునేది.

లైబ్రరీలో పనిచేసే ఆమె చెల్లెలు ఒక పెన్ డ్రైవ్ తెచ్చింది. జపాన్ సినిమాలు, ఇరాన్‌వి కొన్ని, ఫిన్లండ్‌ది ఒకటి.

"ఏం జరుగుతుందమ్మా వీటిలో?" అన్నాడు కత్తెరాయన.

"ఒకావిడ టీ పెట్టుకుంటుంది బావా."

"తరవాత?"

"తాగుతుంది."

"మరి విలనెవరు?"

"చూస్తూ చూస్తూ మధ్యలో లేచిపోయేవాళ్లు. మీలాంటివాళ్లు."

అక్క నవ్వింది. ఆస్పత్రి నుంచి వచ్చాక అదే మొదటి నవ్వు.

అన్నిట్లోకీ ఆమెకు ఒక జపాన్ సినిమా పట్టుకుంది. ముసలామె పొయ్యి మీద కెటిల్ పెట్టి బయటికి వెళ్తుంది. కెమెరా మాత్రం గదిలోనే ఉండిపోతుంది. చాప మీద ఎండ జరుగుతుంది. కెటిల్ మూత మెల్లగా వణుకుతుంది. అంతే.

"ఇది కదలదండీ, కదిలిస్తుంది. నాకు చూపుండగా ఒక్కసారి నా పక్కన కూర్చుని మొత్తం చూడండి. ఇంకేమీ అడగను," అంది.

కూర్చున్నాడు. నత్తకు నత్తి వచ్చినట్టుంది సినిమా. కెటిల్ ఇంకా కాగకముందే, ఫోనొచ్చిందని లేచిపోయాడు. ఫోను రాలేదని ఆమెకూ తెలుసు.

ఆయనకు ప్రేమ లేదనకండి. ఉంది, దానికీ కత్తెరే ఉంది. ఇంత తక్కువ చూపుని ఖాళీ గదుల మీద తగలెయ్యడమేమిటి, పొట్టు తీసి గింజ చేతిలో పెడదామనుకున్నాడు. పెన్ డ్రైవ్ ఆఫీసుకు పట్టుకెళ్లి, అన్నీ శుభ్రంగా కోశాడు. ఆఫీసు అలవాటు ప్రకారం కోసినదాన్ని పాతదాని మీదే సేవ్ చేశాడు. ఇంటికొచ్చి, "ఇవాళ ఆఖరిదాకా కూర్చుంటా," అన్నాడు.

ఆమె ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంది. ముసలామె కెటిల్ పెట్టింది. మరుక్షణం కప్పు చేతిలో ఉంది.

ఆమె వేళ్లు బిగిశాయి. "ఏవండీ, కెటిల్ కనబడలేదు."

ఆయన తెర వంకే చూస్తున్నాడు.

"గది కూడా కనబడలేదు. ఎండ లేదు. పోయిందండీ నా చూపు." అరచేత్తో కళ్లు రుద్దుకుంటోంది, ఎర్రబడేలా.

"నీ చూపు కాదు," అన్నాడు. "నేనే తీసేశాను. అందులో ఏమీ లేదు కదా, నీకు టైము కలిసొస్తుందని..."

ఆమె కళ్ల మీంచి చెయ్యి తీసింది. "ఆ ఏమీ లేనిదాన్నే కదండీ ఇన్నాళ్లూ చూస్తున్నాను."

మరదలు ఎవరెవరినో అడిగి, ఎక్కడెక్కడో వెతికి, మళ్లీ అసలు సినిమా సంపాదించింది. ఈసారి బావతో పరాచికాలాడలేదు. పెన్ డ్రైవ్ బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. అప్పటికి అక్క కళ్లు మూసినా తెరిచినా ఒకటే.

మధ్యాహ్నం ఆయన సినిమా పెట్టి, ఆమె పక్కన కూర్చున్నాడు.

"చెప్పండి," అంది.

"కెటిల్ పెట్టింది. బయటికెళ్లింది. గది ఖాళీగా ఉంది."

"ఊఁ."

ఆయన తెర వంక చూశాడు. చాప ఉంది. ఎండ ఉంది. ఎండ జరుగుతోంది కాబోలు, లేదా ఆయనకు అలా అనిపిస్తోంది. ఎలా చెప్పాలో తోచలేదు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ తీసి పారేసినవాటికి ఆయన దగ్గర మాటలు లేవు.

"అయిపోయిందా?"

"లేదు, ఇంకా అదే ఉంది."

"అదే అంటే?"

"అదే... గది."

ఆమె ఇంకాసేపు ఎదురుచూసింది. ఆయన మూత వణుకు గురించి చెబుదామని నోరు తెరిచేసరికి ముసలామె తిరిగొచ్చేసింది.

"టీ పోసుకుంటోంది," అన్నాడు.

"ఆపెయ్యండి," అంది ఆమె గోడవైపు తిరిగి పడుకుంటూ. "మళ్లీ కోసేశారు."

ఆయన ఆపలేదు. చప్పుడు తగ్గించి, అలాగే కూర్చున్నాడు. తెర మీద ముసలామె ఊదుకుంటూ తాగుతోంది, తొందరేం లేదు. చూసే మనిషికి చూపు లేదు. చూపున్న మనిషికి చూడ్డం రాదు.